నిన్నటికంటే చూపు తగ్గితే



మన ఇళ్లలో ఎవరికైనా కంటి ఆపరేషన్ అయిందంటే ముందు మొదలయ్యేది పథ్యం. పప్పు పెట్టకండి, చీము పడుతుంది. వంకాయ వద్దు, దురద పుడుతుంది. గోంగూర మాటే ఎత్తకండి. పేషెంటును ఇంటికి పంపేటప్పుడు వెంట వచ్చిన పెద్దావిడ మా రెటీనా వైద్యులను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "ఏం పెట్టమంటారు బాబూ, ఏం పెట్టకూడదు?" ఆ ప్రశ్నలో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. కంట్లో చీము పడుతుందన్న భయం కూడా ఉత్తి భయం కాదు. అరుదుగానైనా నిజంగా పడుతుంది. కాకపోతే పప్పు తింటే పడదు, పప్పు మానేస్తే ఆగదు. పైగా కోత మానడానికి పప్పు, గుడ్డు, పాలు వంటివే కావాలి. చీము పట్టించేది సూక్ష్మజీవి. రెటీనా ఆపరేషన్ తరువాత అది కంటి లోపల చేరితే వచ్చే తీవ్రమైన ఇన్ఫెక్షన్‌ను మేము ఎండాఫ్తాల్మైటిస్ అంటాం. ఈ రోజు నా మాటలన్నీ దాని గురించే.

కంటి వెనకగోడకు లోపలివైపు పరుచుకుని ఉండే పల్చటి పొర రెటీనా. చాలామంది దీన్నే కంటి నరం అంటుంటారు. షుగర్ ముదిరి అక్కడి రక్తనాళాలు కారినా, ఆ పొర చిరిగి గోడ నుంచి ఊడినా, నడిమధ్య రంధ్రం పడినా ఎక్కువగా చేసే ఆపరేషన్ పేరు విట్రెక్టమీ. కంటిగుడ్డు నిండా దాదాపు 4 మిల్లీలీటర్ల జెల్లీ ఉంటుంది. తెల్లగుడ్డు మీద మూడు సన్నని రంధ్రాలు చేసి, ఒకదానిగుండా ద్రవం ఎక్కిస్తూ, ఇంకొకదానిగుండా చిన్న దీపం పెట్టి, మూడోదానిగుండా ఆ జెల్లీని కత్తిరించి పీల్చేస్తాం. ఆ తరువాత రెటీనాను సరిచేసి, అది కదలకుండా గాలో, గ్యాసో, సిలికాన్ ఆయిలో నింపుతాం. ఈ పద్ధతికి దారి వేసినవాడు రాబర్ట్ మాకమర్, 1970లో, అమెరికాలోని మయామీలో. అంతకుముందు రక్తంతో నిండిపోయిన కంటికి, లోపల పొర ముడుచుకుపోయిన కంటికి చేయగలిగింది చాలా తక్కువ. ఎన్ని లక్షల కళ్లు ఈ ఆపరేషన్ వల్ల నిలిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అందుకే ముందే చెబుతున్నాను, నేను చెప్పబోయేది విని ఎవరూ ఆపరేషన్ మానుకోకండి. పెద్ద పెద్ద అధ్యయనాల్లో విట్రెక్టమీ తరువాత ఈ ఇన్ఫెక్షన్ వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువమందికే వచ్చింది. ఊడిన రెటీనాను అలాగే వదిలేస్తే చూపు పోవడం మాత్రం దాదాపు ఖాయం.

అయినా ఆ ఒక్కరు ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు.

ఆ రంధ్రాల గురించి ఇంకొంచెం చెప్పాలి. తొలినాటి పరికరాలు లావు. కోతలకు కుట్లు వేయాల్సి వచ్చేది. 2002 తరువాత అర మిల్లీమీటరు మందాన ఉండే పరికరాలు వచ్చాయి. అంత సన్నని రంధ్రం తనంతట తానే మూసుకుంటుంది, కుట్టు అక్కర్లేదు. పేషెంటుకు ఎంతో సుఖం. కానీ 2007లో ఫిలడెల్ఫియా వైద్యులు తమ ఆసుపత్రి లెక్కలు ముందు పెట్టినప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం. కుట్టు వేసే పాత పద్ధతితో పోలిస్తే కొత్త పద్ధతిలో ఇన్ఫెక్షన్లు దాదాపు 12 రెట్లు ఎక్కువ కనిపించాయి. మూసుకుంది అనుకున్న రంధ్రం పూర్తిగా మూసుకోకపోతే లోపలి ద్రవం బయటికి ఊరుతుంది, బయటి నీరు లోపలికి పోతుంది. ఆ లెక్కలు ఒప్పుకుని బయటపెట్టినందువల్లే పద్ధతి మారింది. ఇప్పుడు రంధ్రాన్ని నిటారుగా కాక ఏటవాలుగా చేస్తాం. చివర్లో ఊరుతోందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా కుట్టు వేస్తాం. దాంతో ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

ఇంతకీ సూక్ష్మజీవి ఎక్కడి నుంచి వస్తుంది? ఆసుపత్రి గోడల నుంచో, వైద్యుడి చేతుల నుంచో అని అందరూ అనుకుంటారు. ఒక్కోసారి అలాగే జరుగుతుంది. 2016లో హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఒకేసారి ఇన్ఫెక్షన్ రావడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్‌లో వాడిన ద్రవం సీసాల్లోనే బ్యాక్టీరియా దొరికిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఇలా ఒకేచోట పలువురికి వచ్చినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చివరిదాకా వెతికి తీరాలి, దానిలో దాపరికం పనికిరాదు. కానీ విడిగా ఒకరికి వచ్చే ఇన్ఫెక్షన్‌లో మాత్రం చాలాసార్లు ఆ సూక్ష్మజీవి పేషెంటు సొంత కనురెప్పల అంచుల మీద ఉండేదే. 1991లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో 17 మంది కంటి లోపలి నుంచి తీసిన బ్యాక్టీరియాను వాళ్ల రెప్పల మీద, ముక్కులో ఉన్నదానితో పోల్చారు. 14 మందిలో రెండూ ఒకటే. మనందరి రెప్పల మీద, వెంట్రుకల మొదళ్లలో ఈ జీవులు రోజూ ఉంటాయి, ఏ హానీ చేయవు. రక్తనాళాలు ఉండని కంటి లోపలి ఖాళీలోకి, అంటే శరీరపు కాపలా తేలిగ్గా చేరలేని చోటికి, వాటికి దారి దొరికిందా, ఇక వాటికి అడ్డు లేదు.

అందుకే ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాక ముదురు గోధుమరంగు చుక్కలు కంట్లో వేసి కొన్ని నిమిషాలు ఆగుతాం. అది పావిడోన్ అయోడిన్, మామూలుగా 5 శాతం. చురుక్కుమంటుంది, కన్ను మండుతుంది, కొందరు విసుక్కుంటారు కూడా. ఈ ఇన్ఫెక్షన్‌ను నిజంగా తగ్గిస్తుందని గట్టిగా రుజువైన జాగ్రత్తల్లో ఇంతటిది మరొకటి లేదు. ఖరీదైన యాంటీబయాటిక్ చుక్కలకు కూడా అంత బలమైన రుజువు లేదు. ఆ రెండు మూడు నిమిషాల మంటను దయచేసి ఓర్చుకోండి.

ఇక ఇంటికి వెళ్లిన తరువాతి సంగతి. అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే.

నొప్పి లేదు కదా అని ఆగిపోవద్దు. మన పేషెంట్లలో చాలామంది చేసేది ఇదే: నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. అమెరికాలో 420 మంది పేషెంట్లతో జరిగి 1995లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అది శుక్లాల ఆపరేషన్ తరువాత వచ్చిన ఇన్ఫెక్షన్ల మీద జరిగింది. అయినా లక్షణాల విషయంలో మాకు ఇప్పటికీ అదే ఆధారం. అందులో నూటికి 94 మందికి చూపు మసకబారింది, 82 మందికి కన్ను ఎర్రబడింది. నొప్పి మాత్రం 74 మందికే వచ్చింది. అంటే లోపల చీము పడుతున్నా నలుగురిలో ఒకరికి నొప్పి తెలియలేదన్నమాట. రెప్పల వాపు అయితే నూటికి 35 మందిలోనే కనబడింది. రెటీనా ఆపరేషన్ తరువాత మేము నొప్పి మాత్రలు కూడా ఇస్తాం. మొదటి ఒకటి రెండు రోజులు కొంత నొప్పి, గరగర, ఎరుపు అందరికీ ఉండేవే. షుగర్ ఉన్నవాళ్లకు కంటి స్పర్శ కూడా కొంత మొద్దుబారి ఉండవచ్చు. అందుకే నొప్పి కోసం కాచుకుని కూర్చోకూడదు.

చూడాల్సింది దారి ఎటు పోతోందన్నది. ఆపరేషన్ అయిన కన్ను రోజురోజుకీ కాస్తయినా మెరుగవ్వాలి. ఎరుపు నిన్నటికంటే తగ్గాలి, నొప్పి నిన్నటికంటే తగ్గాలి, చూపు నిన్నటికంటే పెరగాలి, పోనీ అలాగైనా ఉండాలి. మెరుగైన కన్ను మళ్లీ వెనక్కి నడిచిందా, అది మీ లెక్కలో అనుమానం కాదు, ప్రమాదమే. ఎక్కువగా ఇది మొదటి వారంలోనే జరుగుతుంది. ఒక్కోసారి ఆరు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు.

రోజూ పొద్దున్నే ఒక పని చేయండి. బాగున్న కంటిని అరచేత్తో మూసి, ఆపరేషన్ అయిన కంటితో గోడ మీది క్యాలెండర్ చూడండి. అదే చోట, అదే వెలుతురులో. పెద్ద అంకెలు కనబడ్డాయా, నిన్న కనబడినంతే కనబడ్డాయా? గ్యాస్ నింపిన కంటికి ఇది పనికిరాదు. గ్యాస్ ఉన్నంతకాలం చేతి కదలిక కంటే ఎక్కువ తెలియకపోవచ్చు. అప్పుడు ముఖానికి దగ్గరగా చెయ్యి ఊపి చూసుకోండి. కిటికీ వెలుతురు నిన్న తెలిసినట్టే తెలుస్తోందా గమనించండి. కొన్ని రోజులకు గ్యాస్ తగ్గుతున్నకొద్దీ పైనుంచి తేటగా కనబడటం మొదలై, ఒక గీతలాంటిది రోజురోజుకీ కిందికి దిగుతుంది. ఆ గీతకు పైన ఉన్న తేట మళ్లీ మసకబారితే చెప్పండి.

గ్యాస్ వేయించుకున్నవాళ్ల చిక్కు ఏమిటంటే, వాళ్లకు చూపు తగ్గిందని తెలియడం కష్టం. నేతపని చేసే ఒకాయన విషయంలో ఇలాగే జరిగింది. షుగర్ పేషెంటు. గ్యాస్ నింపి, బోర్లా పడుకోమని చెప్పి పంపించారు. నాలుగో రోజు కన్ను ఎర్రబడింది. చూపు ఎటూ లేదనే ఆయన నమ్మకం, గ్యాస్ ఉన్నప్పుడు కనబడదని మేమే చెప్పాం కదా. ఆ సాయంత్రం ఆయన్ను కూర్చోబెట్టి చుక్కలు వేస్తూ భార్య గమనించింది: నల్లగుడ్డు కింది అంచున సన్నగా తెల్లటి పట్టీ. "ఏమండీ, ఇది నిన్న లేదు. ఫోన్ చేద్దాం" అంది. "రేపు భోగి. పండగ పూట అక్కడ ఎవరుంటారే? కనుమ వెళ్లాక పోదాంలే" అన్నాడాయన. ఆవిడ వినలేదు. తమ్ముణ్ని పిలిచి ఆటో కట్టించి, రాత్రి బస్సు ఎక్కించి తెల్లారేసరికి తీసుకొచ్చింది.

ఆవిడ చూసింది చీమే. తేరిన మజ్జిగలో తేట పైనా, తెల్లటి పదార్థం అడుగునా నిలిచినట్టు, కంటి ముందు గదిలోని ద్రవంలో చీముకణాలు కిందికి దిగి ఒక గీతగా నిలబడతాయి. దాన్ని చూడటానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. చుక్కలు వేసే చెయ్యి ఎవరిదైతే వారికే ముందు కనబడుతుంది, మంచి వెలుతురులో వేస్తే. ఆయన కన్ను నిలిచింది. మునుపటిలా సన్న నూలు దారం పట్టలేరు గానీ రంగులు పోల్చుకుంటారు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తారు. కనుమ దాటి వచ్చి ఉంటే నేను ఈ మాట చెప్పగలిగేవాణ్ని కాదు. స్ట్రెప్టోకాకస్, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా అయితే ఒక్క రాత్రిలో రెటీనాను తినేస్తాయి. మరీ ముదిరితే చూపు మాట అటుంచి కంటినే తీసేయాల్సి వస్తుంది.

వచ్చాక ఏం చేస్తామో కూడా చెబుతాను. తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మాత్రలు, సెలైన్‌లో ఎక్కించే మందులు దీనికి చాలవు. రక్తంలోని మందు కంటి లోపలికి తగినంత చేరకుండా అడ్డుకునే సహజమైన కట్టడి ఒకటి అక్కడ ఉంది. నేను చెప్పిన ఆ 420 మంది అధ్యయనంలో కూడా నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్స్ వల్ల అదనపు మేలు కనబడలేదు. అందుకని మందును నేరుగా కంటి లోపలికే ఇవ్వాలి. మొద్దుబార్చే మందు వేసి, మళ్లీ ఆ అయోడిన్‌తో శుభ్రం చేసి, సన్నని సూదితో లోపలి ద్రవం రెండు మూడు చుక్కలు తీస్తాం. అది ల్యాబ్‌కు వెళుతుంది. వెంటనే రెండు సిరంజిల్లో రెండు మందులు ఇస్తాం: ఒకటి వాంకోమైసిన్, ఇంకొకటి సెఫ్టాజిడిమ్. ఒక్కొక్కటి మిల్లీలీటరులో పదోవంతు మాత్రమే. రెండూ కలిపితే విరిగిపోతాయి కాబట్టి రెండు వేరు వేరు సిరంజిలు. కంట్లో ఆయిల్ ఉంటే మోతాదు మారుస్తాం. చూపు బాగా పడిపోయినా, చీము ఎక్కువగా ఉన్నా మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్లి లోపల కడుగుతాం. కొందరికి రెండు రోజుల తరువాత మళ్లీ సూది పడుతుంది. కంటిలోకి సూది అనగానే అందరూ హడలిపోతారు. జరిగేది కొన్ని క్షణాలే.

ల్యాబ్ రిపోర్టు మన దేశంలో మరీ ముఖ్యం. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనబడేవి చర్మం మీద ఉండే మెతక రకం స్టెఫైలోకాకస్‌లు. మన దగ్గర సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, ఫంగస్ వాటా అక్కడికంటే ఎక్కువని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో సహా మన దేశపు ల్యాబ్‌లు ఏళ్లతరబడి చూపిస్తూ వచ్చాయి. ఫంగస్ అయితే మందే వేరు. అలాంటప్పుడు ఎర్రబడిన కంటికి మందుల షాపులో "ఏదో ఒక చుక్కలు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకుంటే, అందులో స్టెరాయిడ్ ఉంటే, పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. షాపు నడిపే సోదరులకు కూడా చేతులెత్తి మనవి చేస్తున్నాను. ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయిందని చెప్పినవారికి మందు ఇవ్వకండి, ఆసుపత్రికి పంపండి. తల్లిపాలు, నందివర్ధనం పూలరసం, పన్నీరు, తేనె, ఏదీ ఆ కంట్లో పడకూడదు. వేసేవాళ్లు ప్రేమతోనే వేస్తారు, అయినా వద్దు.

ఇంట్లో చేయగలిగినవి పెద్ద విషయాలు కావు గానీ రోజూ చేయాల్సినవి. చుక్కలు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్ల సందుల్లో కూడా. సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తగిలిందంటే ఆ సీసా పారేసి కొత్తది తీయండి, డబ్బుకు చూసుకోవద్దు. ఒకరి చుక్కలు ఇంకొకరికి వేయకూడదు. కంటి పక్కన తుడవడానికి చీరకొంగు, తువ్వాలు వద్దు, కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన శుభ్రమైన దూది చాలు. తలస్నానం, చెరువు, కాలువ, పుష్కర స్నానం వైద్యుడు సరేననేదాకా ఆగాలి. షుగర్ అదుపులో ఉండాలి, ఎందుకంటే షుగర్ ఎక్కువున్న ఒంట్లో ఏ ఇన్ఫెక్షన్ అయినా తొందరగా ముదురుతుంది.

ఆసుపత్రుల బాధ్యత దీనికంటే పెద్దది. ఉట్నూరు నుంచో, పాడేరు నుంచో వచ్చి రెటీనా ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఇంగ్లీషులో రాసిన కాగితం చేతికిచ్చి పంపిస్తే ఎలా? ఆ కాగితం తెలుగులో ఉండాలి. అందులో రాత్రి రెండు గంటలకు కూడా ఎవరో ఒకరు ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఎత్తినవారు "ఉదయం ఓపీకి రండి" అని పెట్టేయకూడదు. "చూపు నిన్నటికంటే ఎలా ఉంది? ఎరుపు పెరిగిందా? నల్లగుడ్డులో తెల్లగా ఏమైనా ఉందా?" అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలు నేర్పడానికి పెద్ద ఖర్చు ఏమీ అవదు. అంత దూరం నుంచి రాలేనివారిని దగ్గర్లో ఎవరు చూడగలరో, ఏ ఊళ్లో రాత్రిపూట కంటిలోకి సూది వేయగలరో ఆసుపత్రే ముందుగా కనుక్కుని ఆ కాగితం మీద రాయాలి. ఎర్రబడిన ప్రతి కన్నూ ఇన్ఫెక్షన్ కాదు. కంటి ఒత్తిడి పెరిగినా నొప్పి, వాంతులు, మసక వస్తాయి. మందు వల్ల ఉత్త వాపు కూడా రావచ్చు. అది తేల్చాల్సింది మేము. రాత్రి నిద్ర లేపి చూపించుకున్న కంట్లో ఏమీ లేకపోతే ఏ వైద్యుడూ నొచ్చుకోకూడదు. నొచ్చుకుంటే ఆ పేషెంటు ఇంకోసారి ఫోన్ చేయడు.

బయలుదేరేటప్పుడు ఒకటి రెండు గుర్తుంచుకోండి. ఫోన్‌లోనే అడగండి, దారిలో తినవచ్చా, ఖాళీ కడుపుతో రావాలా అని, ఎందుకంటే థియేటర్‌కు తీసుకువెళ్లాల్సి రావచ్చు. షుగర్ మందులు వేసుకునేవారు ఆ మాట తప్పక చెప్పండి. డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. వాడుతున్న చుక్కల సీసాలు, సగం వాడినవీ, మూత తీసినవీ, అన్నీ ఒక కవర్లో వేసి తీసుకురండి. మీ కంటి నుంచి తీసిన ద్రవంతోపాటు ఆ సీసాలను కూడా ల్యాబ్‌కు పంపవచ్చు. ఇన్ఫెక్షన్ వాటిలోంచే వచ్చి ఉంటే, అవే చుక్కలు వాడుతున్న ఇంకో నలుగురి కళ్లను ఆ రోజే కాపాడగలం.